బండికి పోసిన మంచినీళ్లు

కోవూరు రైస్‌మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరిన రోజు మా బావ కారు నడపాలంటే నాకు పొద్దున్నే బెంగ మొదలయ్యేది. స్టీరింగ్ వెనకాల ఇంజన్ వేడి చూపించే ముల్లు ఒకటుంటుంది. రోడ్డు ఖాళీగా ఉంటే అది మధ్యలో బుద్ధిగా నిలబడుతుంది. ముందు ట్రాక్టరు, వెనక ఇసుక లారీ, పక్కన బస్సు చేరి బండి నత్తనడకలో పడిందంటే మెల్లగా ఎర్ర గీత వైపు లేస్తుంది. రెండు వేసవులు, వారానికి రెండుసార్లు, నేను రోడ్డు కన్నా ఆ ముల్లునే ఎక్కువ చూశాను. దాన్ని కూడా పూర్తిగా నమ్మలేదు. అప్పుడప్పుడు దిగి బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసుకునేవాణ్ణి.

నమ్మకపోవడం నాకు ఉద్యోగంతో అబ్బిన విద్య. సముద్రానికి కూతవేటు దూరంలో మా బావకు రొయ్యల గుంటలుండేవి. వాటిలో మేత చూసే పని పదహారేళ్లు నాది. రొయ్య అడుగున తిరుగుతుంది. తిన్నదో లేదో పైకి కనపడదు. అందుకని మేతలోంచి కొంత కొలిచి చెక్ ట్రేలో పోసి, తాడు కట్టి నీళ్లలోకి దింపుతాం. రెండు గంటలాగి పైకి లాగి, మిగిలిందెంతో చూస్తాం. ఎవరు ఎంత తిన్నారో వాళ్లను అడగకుండా, మిగిలిన దాన్ని బట్టి పట్టుకోవడం నాకు గట్ల మీద అలవాటైపోయింది. ఇంట్లో పంచదార డబ్బా మూత తీసినా ముందు మట్టం చూసేవాణ్ణి. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం అని మా అక్క నన్ను నలుగురిలో ఆటపట్టించేది.

కాటాల సంగతి ఇంకోటి. రొయ్యలు పట్టిన రోజున కొనేవాళ్లు తమ కాటా తెచ్చుకుంటారు. మా షెడ్డు కాటాలో పడినంత బరువు వాళ్ల కాటాలో ఏనాడూ పడదు. ఎవరిది నిజమో తేలదు. కాసేపు గొడవ పడి, కాటా తేడా అనుకుని సర్దుకుంటాం. ఈ తీరంలో గుంటలు చేసినవాళ్లెవరినైనా అడగండి, ఏ రెండు కాటాలూ ఒక మాట మీద ఉండవని చెబుతారు. నేను దాన్ని వేదంలా నమ్మాను. దేన్నీ నమ్మని నేను అంత గట్టిగా నమ్మింది అదొక్కటే అనుకుంటా.

ఆ కారు మంచి రోజుల్లో వచ్చింది. ఒక ఏడు పంట కలిసొస్తే బావ చెన్నై వెళ్లి ఎవరో వాడి వదిలేసిన విదేశీ బండి పట్టుకొచ్చాడు. దానికి సూపర్‌చార్జర్ ఉందని వచ్చినవాళ్లందరికీ బానెట్ ఎత్తి చూపించేవాడు. ఇంజన్ బెల్టుతోనే తిరిగే గాలిమర లాంటిది అది. మామూలు ఇంజన్ తనంతట తాను గాలి పీల్చుకుంటుంది. ఇది గాలిని నొక్కిపట్టి లోపలికి కుక్కుతుంది. అందుకే కాలు ఆనించగానే బండి ఉరుకుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చల్లార్చడానికి రేడియేటర్ ముందు ఇంకో జాలీ ఉంటుంది. దాన్ని ఇంటర్‌కూలర్ అంటారు. బండి పరిగెత్తుతుంటే ఎదురుగాలి తగిలి అన్నీ చల్లబడతాయి. ఆగితే గాలి ఆగుతుంది, వేడి ఆగదు. ఇలాంటి బండిని చేల రోడ్లకూ కోవూరు రద్దీకీ తెచ్చిన మనిషిని ఏమనాలో నాకు అప్పుడూ తెలియలేదు. సముద్రపు గట్టు మీద ఎడ్ల పందేల గిత్తను కట్టేసినట్టుందని ఒకసారి అంటే బావ పది రోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

తర్వాత ఆయనకు మూత్రపిండాలు పోయాయి. గుంటలు కౌలుకిచ్చేశాం. కారు మాత్రం అమ్మనివ్వలేదు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, నెల్లూరులో డయాలిసిస్, దారి కోవూరు మీదుగానే. ఆటోలో వెళదామంటే మొహం తిప్పుకునేవాడు. ఆ కారులో వెళితే తాను పని మీద టౌనుకు పోతున్న మనిషి, ఆటో ఎక్కితే రోగి అని ఆయన లెక్క. డ్రైవర్‌ను పెట్టుకోమంటే నాకు పెట్రోలు మీద, టైర్ల మీద, పాటలు పెట్టుకుని తోలే వాళ్ల అలవాటు మీద, అన్నింటి మీదా అనుమానమే. చివరికి స్టీరింగ్ నా చేతికే వచ్చింది.

డయాలిసిస్ మనిషికి అన్నిటికన్నా పెద్ద శత్రువు నీళ్లు. లోపలికి పోయింది బయటికి రాదు. ఒంట్లోనే ఉంటుంది. మిషన్ మీద పడుకున్నప్పుడు తీసేదే తీసేది. ఎక్కువైతే కాళ్లు ఉబ్బుతాయి, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, గుండె తట్టుకోలేదు. రోజుకు మూడు గ్లాసులు, పులుసూ మజ్జిగా కాఫీ అన్నీ ఆ మూడింట్లోనే, అని డాక్టరు తేల్చి చెప్పాడు. మా అక్క ఒక చిన్న స్టీలు గ్లాసు ఏర్పాటు చేసింది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. పొద్దున ఎన్ని గుక్కలు, మాత్రలకు ఎన్ని గుక్కలు, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారే, ఆ ఎండల్లో కూడా ఆయన అంతకు మించి అడిగింది నేను వినలేదు. ఐసు ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, అది కరిగేదాకా కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

ఇక బండి. మొదటి వేసవిలోనే కోవూరు దాటకముందే రెండుసార్లు ఆవిరి కక్కింది. నెల్లూరులో ఒక మెకానిక్ ఉన్నాడు. ఆదివారం చర్చికి పోయే వేళ తప్ప మిగతా టైమంతా ఏదో ఒక బండి కింద పడుకుని ఉంటాడు. అతను మొదట చెప్పిన మందు, సూపర్‌చార్జర్ బెల్టు ఊడదీసి గాలిదారి మార్చేద్దామని. అప్పుడది మామూలు బండిలా నడుస్తుంది, అంత వేడెక్కదు, ఏసీ కూడా వేసుకోవచ్చు అన్నాడు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. అంత ఖరీదైన సామాను ఊడదీయమని మెకానిక్ ఎందుకంటాడు? ఊడిన సామాను ఎక్కడికి పోతుంది? ఆలోచించి చెబుతానని చెప్పి వచ్చేశాను. రెండో వేసవి దాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

బెల్టు తీయనప్పుడు ఇక చేయగలిగింది ఇదేనని అతను విసుగ్గా కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. రద్దీలో ఏసీ కట్టేయాలి. ముందు లారీకి ఆనుకుని నిలబడకూడదు, దాని వేడి మన జాలీలోకి వస్తుంది. ఆగిన ప్రతిసారీ న్యూట్రల్‌లో పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ముల్లు లేవగానే హీటర్ పూర్తిగా తిప్పాలి. నేను తెల్లమొహం వేశాను. మండు వేసవిలో హీటరా అన్నాను.

"ఇంజన్ వేడి యాడికో ఒకచోటికి పోవాలి గదన్నా. కార్లోకి లాక్కుంటే దానికి బరువు తగ్గుతాది. మనం రవ్వంత ఉడికితే ఇంజన్ బతుకుతాది" అన్నాడు.

మనం అంటే ఎవరో నేను ఆలోచించలేదు. పని చేసింది కాబట్టి మెచ్చుకున్నాను. హీటర్ తిప్పిన రెండు నిమిషాలకు ముల్లు వెనక్కి తగ్గడం నా కళ్లతో చూశాను.

దానితో కూడా చాలకపోతే దిగి, బానెట్ ఎత్తి, ఇంటర్‌కూలర్ మీద నీళ్లు చిలకరించాలి. మొదట్లో గుంటల దగ్గరి బోరు నీళ్లు పట్టుకెళ్లాను. మా వైపు బోరంటే సగం సముద్రమే. నెల తిరక్కుండా జాలీ రేకుల మీద తెల్లగా ఉప్పు పొక్కులు కట్టాయి. మెకానిక్ గోటితో గీకి చూపించి, ఇట్లాగే పోస్తే రేకులు పొడి అయిపోతాయని తిట్టినంత పని చేశాడు. అప్పట్నుంచి బండికి కొన్న మంచినీళ్లే. కుళాయి ఉన్న పది లీటర్ల క్యాన్ ఒకటి నింపి వెనక సీటు ముందు కింద పెట్టేవాణ్ణి. రెండు లీటర్ల సీసా మూతకు మేకుతో చిల్లులు పొడిచి, క్యాన్‌లోంచి సీసా నింపుకుని, మొక్కలకు పోసినట్టు జాలీ మీద పోసేవాణ్ణి. మా ఊళ్లో ఆడవాళ్లు మంచినీళ్ల బండి కోసం బిందెలు వరసపెట్టి కూర్చుంటారు. నేను ఆ నీళ్లే రోడ్డు మీద ఇంజన్‌కు స్నానం చేయిస్తున్నానని ఎవరన్నా అంటారేమోనని బెరుగ్గా చుట్టూ చూసుకునేవాణ్ణి.

బావ వెనక సీట్లో సగం పడుకుని వచ్చేవాడు. క్యాన్ ఆయన కాళ్ల దగ్గరే ఉండేది. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ తిప్పేవాణ్ణి. బయట వడగాలి, లోపల ఇంజన్ గాలి. ఆయన తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకునేవాడు. ఎట్లా ఉంది బావా అంటే, బండి ఎట్లా ఉందో చూడరా అనేవాడు. ఆ మాట నాకు ఎంతో నచ్చేది. బండి బతికితే ఈయన సమయానికి మిషన్ ఎక్కుతాడు, ఈయన బతుకుతాడు అని నా తర్కం. అందులో తప్పు పట్టడానికి ఏమీ కనపడలేదు.

ఆస్పత్రిలో మిషన్ మీద పడుకోబెట్టే ముందు బరువు చూస్తారు. పోయినసారి మిషన్ దిగి ఇంటికి వెళ్లేటప్పుడు ఎంత, ఇప్పుడెంత అన్న తేడానే ఒంట్లో చేరిన నీళ్లు. రెండో వేసవి మొదలయ్యాక ఆ తేడా పెరుగుతూ వచ్చింది. మిషన్ చూసే అమ్మాయి ప్రతిసారీ మందలించేది. నేను ఊరుకునే రకమా? ఇంట్లో బయల్దేరే ముందు మేత షెడ్డులోని మా కాటా మీద బావను నిలబెట్టి తూచడం మొదలుపెట్టాను. ఇంటి దగ్గర పడిన బరువు కన్నా ఆస్పత్రిలో కిలో, కిలోన్నర ఎక్కువ పడేది.

ఇప్పుడు తలచుకుంటే నా బుర్రను నేనే గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. గంటన్నర ప్రయాణంలో ఒక మనిషి కిలోన్నర బరువు పెరిగాడంటే చిన్నపిల్లలకైనా తడుతుంది. నాకు తట్టింది కాటా తేడా. పదహారేళ్లుగా రెండు కాటాలు ఒకే మాట చెప్పగా చూడనివాణ్ణి, ఇక్కడ మాత్రం ఎందుకు చెబుతాయి? పైగా ఎక్కువ నీళ్లు తీశామని చూపించుకోవడానికి వాళ్లే కాటా తిప్పి పెట్టుకున్నారేమోనని కూడా అనుకున్నాను. ఆ అమ్మాయితో ఒకసారి మీ కాటా సరిచూపించండి అని గట్టిగానే అన్నాను. ఆమె తానే ఎక్కి నిలబడి, దిగిపోయింది. నాకు ఆమె బరువు తెలియదు కాబట్టి అదీ రుజువు కాదనుకున్నాను.

మే నెలలో ఒక గురువారం పొద్దున బావకు ఊపిరి ఆడలేదు. కూర్చోబెడితే తప్ప పడుకోలేకపోయాడు. అంబులెన్సులో తీసుకెళ్లాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఐసీయూలో పెట్టి ఒక రోజంతా మిషన్ నడిపారు. డాక్టరు నన్నూ మా అక్కనూ పిలిచి, ఈయన ఎక్కడో నీళ్లు తాగుతున్నారు, ఇంకోసారి ఇలా వస్తే మా చేతుల్లో ఉండదు అని చెప్పాడు.

అక్క ఏడవలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. నేను అక్కడే వరండాలో, జనం అటూ ఇటూ పోతుండగా, ఆమెను అడిగాను. అడగడం కాదు, నిలదీశాను. ఆయన మొహం చూసి జాలిపడి దొంగతనంగా మజ్జిగ పోస్తున్నావా అన్నాను. భార్య చేతిలో గ్లాసు ఉంటే కంచే చేను మేసినట్టేనని కూడా నోరు జారాను. నా అనుమానాలన్నిటికీ ఆ నిమిషంలో ఆమె ఒక్కతే దొరికింది. ఇంట్లో నీళ్లు ముట్టేది ఆమే కాబట్టి ఇంకెవరు పోస్తారన్నది నా లెక్క.

అక్క గోడ వదిలి నా ఎదురుగా వచ్చింది.

"నేను నీళ్లు తాగాలంటే పెరట్లోకి పోయి తాగొస్తుండానురా. ఆయన ముందర గ్లాసెత్తలేక. నన్నా నువ్వు అడిగేది" అంది.

నేను తల దించుకోలేదు. ఆ మాటల్లో నిజం ఎంత ఉందా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఇంటికి వెళ్లాక పెరట్లో బాయి గట్టు మీద చూస్తే ఒక గ్లాసు బోర్లించి ఉంది. అది చూసి నమ్మాను. సొంత అక్క మాటకు కూడా సాక్ష్యం వెతికిన మనిషిని నేను.

అక్క కాకపోతే ఎవరు? బావ ఆస్పత్రి నుంచి వచ్చాక మళ్లీ మంగళ, శుక్రవారాలు మొదలయ్యాయి. ఒకరోజు నెల్లూరులో బండి ఆపి, క్యాన్ సర్దుతుంటే తేలికగా అనిపించింది. ఆ రోజు దారిలో ఒక్క సీసానే వాడాను. అంటే ఎనిమిది లీటర్లుండాలి. సీసాతో కొలిస్తే ఆరున్నర కూడా లేవు. క్యాన్ కారుతోందేమోనని కింద చూశాను, తడి లేదు. చెక్ ట్రే బుద్ధి ఊరుకోనిస్తుందా? పెన్నుతో క్యాన్ మీద గీతలు గీశాను, లీటరుకు ఒకటి. తిరుగు ప్రయాణానికి ముందు చూస్తే ఆస్పత్రి పార్కింగ్‌లో ఉన్నంతసేపూ మట్టం తగ్గలేదు. అయినా పార్కింగ్ కాపలా ఆయన్ని ఎందుకో అనుమానంగా చూశాను. అద్దం సందులోంచి చెయ్యి పెట్టి కుళాయి తిప్పుకుంటున్నాడని ఊహించుకున్నాను. ఆయన నాకు నమస్కారం పెడితే, దొంగ కాబట్టే పెడుతున్నాడని అనుకున్నాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ తర్వాతి శుక్రవారం క్యాన్‌ను డిక్కీలో పెట్టి తాళం వేశాను. బావ వెనక సీట్లో కూర్చుంటూ కింద కాళ్ల దగ్గర ఖాళీ వైపు ఒకసారి చూశాడు. అప్పటికే షెడ్డు కాటా మీద తూచి ఉన్నాను. బయల్దేరాం.

కోవూరులో ఆ రోజు రద్దీ ఎన్నడూ లేనంత ఉంది. మిల్లులోకి తిరగబోయిన ట్రాక్టరు ట్రాలీ చక్రం ఊడి రోడ్డుకు అడ్డంగా పడింది. బస్తాలు చిరిగి ధాన్యం రోడ్డంతా పరుచుకుంది. అటు బండ్లు అటే, ఇటు బండ్లు ఇటే. పావుగంటకు మేం పది గజాలు కదిలామేమో. ముల్లు లేచింది. హీటర్ తిప్పాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచింది. దిగి, డిక్కీ తెరిచి, సీసా నింపుకుని, బానెట్ ఎత్తి నీళ్లు పోయడం మొదలుపెట్టాను. జాలీ మీద పడిన నీళ్లు చుయ్యిమని, రేకుల సందుల్లోంచి కారి, బంపరు కింద రోడ్డు మీద చిన్న మడుగు కట్టాయి. తారు రోడ్డు వాటిని అప్పటికప్పుడే పీల్చేస్తోంది.

ఎత్తిన బానెట్‌కూ అద్దానికీ మధ్య జానెడు సందు ఉంటుంది. ఎందుకో తల వంచి ఆ సందులోంచి లోపలికి చూశాను. అన్ని నెలల్లో ఒక్కసారి కూడా అలా చూడలేదు. బానెట్ ఎత్తితే లోపలున్న మనిషి కనపడడు, నేనూ ఆయనకు కనపడను.

బావ పడుకుని లేడు. ముందు సీటు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. తువ్వాలు ఒళ్లో పడి ఉంది. హీటర్ గాలికి ఆయన నుదుటి మీద వెంట్రుకలు కదులుతున్నాయి. మొహమంతా ఎర్రగా కమిలి ఉంది. ఆయన నన్ను చూడటం లేదు, ఇంజన్‌నూ చూడటం లేదు. నా చేతిలోంచి పడుతున్న నీళ్ల ధారను చూస్తున్నాడు. పెదాలు తడుపుకుని, మళ్లీ చూస్తున్నాడు. సీసా ఖాళీ అయ్యి ధార ఆగిపోతే ఆయన గుటక మింగాడు.

నాకు మొత్తం అప్పుడే అర్థమైంది. క్యాన్ మట్టం, కాటాలు, మే నెల గురువారం, అన్నీ ఒక్కసారే. నేను ఇక్కడ సీసా వంచినంతసేపూ ఆయన అక్కడ కుళాయి తిప్పి దోసిలి పట్టేవాడు. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. నా అనుమానం ఊరంతా తిరిగింది కానీ, నా వెనక సీటు దాకా రాలేదు.

మొదట కోపం వచ్చింది. అంత కోపం నాకు ఎన్నడూ రాలేదు. ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నాడని, నా చేత అక్కను అనరాని మాటలు అనిపించాడని. వెనక తలుపు తీసి అడిగాను.

"క్యాన్లో నీళ్లు తాగింది నువ్వేనా బావా?"

బుకాయిస్తాడనుకున్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. అలసిపోయి ఉన్నాడు.

"నేనేరా" అన్నాడు. "మీ అక్క నీళ్లు కొలిచి ఇస్తాది. ఆస్పత్రిలో నన్నే కొలుస్తారు. నువ్వు బండికి పోసేటప్పుడు మాత్రం కొలవగా నేను చూడలా. సాలు అనేదాకా పోస్తావు. దాన్లోంచి తాగితే తప్పనిపించలా నాకు" అన్నాడు.

తలుపు తీసి నిలబడిన నా మోకాళ్లకు వేడిగాలి కొడుతోంది. సెగలాంటి గాలి. నేను స్టీరింగ్ దగ్గర కూర్చున్నప్పుడు తలకాయ కిటికీలోంచి బయట పెట్టుకుని, ముల్లు చూసుకుంటూ ఉండేవాణ్ణి. వెనక కూర్చున్నవాడి ఒంటికి ఆ గాలి ఎట్లా తగులుతుందో ఒక్కనాడూ వెనక కూర్చుని చూడలేదు. దాహం ఆయనకు జబ్బు వల్ల రాలేదు, కనీసం ఆ గంటన్నర దాహం నేను తెప్పించిందే. ఇంజన్ వేడిని తీసి, చుక్క నీళ్లు అదనంగా తాగకూడని మనిషి మీదికి తిప్పాను. అలా తిప్పి, బండిని కాపాడుతున్నానని పొంగిపోయాను. సిగ్గుతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ముందు హీటర్ కట్టేశాను. తర్వాత ఇంజన్ కట్టేశాను. బండి మళ్లీ లేస్తుందో లేదోనని బావే కంగారు పడ్డాడు. లేవకపోతే ఇక్కడే ఉంటుందిలే అన్నాను. పక్క బండ్లవాళ్లు నలుగురి సాయం తీసుకుని, కారును ఒక టీ అంగడి వారగా తోశాను. వెనక సందులోంచి తిరిగి పెన్న వంతెన వైపు పోయే ఆటో ఒకటి దొరికింది. బావ ఆటో వైపు ఒకసారి, కారు వైపు ఒకసారి చూశాడు. ఎక్కుతాడో ఎక్కడో అనుకున్నాను. నా భుజం పట్టుకుని ఎక్కాడు. పెన్న దాటుతుంటే ఆటోలోకి గాలి రెండు వైపుల నుంచీ వచ్చింది. ఆయన చొక్కా పై గుండీలు రెండు విప్పుకున్నాడు.

ఆస్పత్రి కాటాలో ఆ రోజు ఇంటి దగ్గర పడినంతే పడింది. మిషన్ చూసే అమ్మాయి రాసుకుని, ఈసారి ఫర్వాలేదు అంకుల్ అని బావను మెచ్చుకుంది. ఆమె కాటాను నేను అన్న మాటలకు క్షమించమని అడిగాను. ఆమెకు అది గుర్తు కూడా లేదు.

మెకానిక్‌కు ఫోను చేసి కారు సంగతి చెప్పాను, బెల్టు తీసేయమన్నాను. తీసిన సామాను ఏం చేయాలి అని అతనే అడిగాడు. నేనే ఇంటికి తీసుకుపోతానని చెప్పి, ఆ మాట అన్నందుకు మళ్లీ నన్ను నేనే తిట్టుకున్నాను.

సాయంత్రం బావ పడుకున్నాక అక్కను వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లాను. ఆమె బాయి గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి చేతిలో గ్లాసు కింద పెట్టింది. ఆస్పత్రి వరండాలో అన్న మాటలకు ముందు క్షమించమని అడిగాను. తర్వాత మొత్తం చెప్పాను. హీటర్ సంగతి, క్యాన్ సంగతి, బానెట్ సందులోంచి చూసింది, బావ అన్న మాటలు, ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ ఆమె మొహం చూస్తున్నాను. కోపం వస్తుందా, ఏడుస్తుందా, ఆయన్ని తిడుతుందా, నన్ను తిడుతుందా అని. డాక్టరు మాటను, ఐసీయూను గుర్తు చేస్తుందనుకున్నాను.

అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఇంట్లో బావ నిద్రపోతున్న గది కిటికీ వైపు చూసింది. గొంతు తగ్గించి, ఆయనకు వినపడకుండా అడిగింది.

"తాగినప్పుడన్నా దప్పిక తీరిందంటనా ఆయనకి?"

ఆ మాట ఆయన్ని అడగాలని నాకు తోచలేదని చెప్పాను.